జెండా పండుగ కార్డులో మా బొమ్మ

పండుగకో కార్డు. ఉగాదికి మామిడాకుల కార్డు, సంక్రాంతికి ముగ్గుల కార్డు, రంజాన్‌కు నెలవంక కార్డు. పంద్రాగస్టుకూ ఛబ్బీస్ జనవరికీ కూడా కార్డులున్నాయి. జెండా, పావురం, ఎర్రకోట, తెగిన సంకెళ్లు, సింహం పక్కన నిలబడ్డ తల్లి, ఆమె చుట్టూ నాయకుల తలకాయలు. ఇవి పాతబడ్డాయని, పిల్లల బొమ్మలని కొట్టిపారేయడానికి లేదు. దేశం అంటే ఎవరో, దేశభక్తుడు ఎలా ఉంటాడో చదువురాని వాళ్లకు సైతం చెప్పింది ఈ బొమ్మలే. చరిత్ర పుస్తకం చదివినవాళ్లు కొందరు. పటం చూడనివాళ్లు లేరు. కథనూ కవిత్వాన్నీ నిలదీసి అడుగుతున్న మేము కార్డును అడక్కుండా ఎందుకు వదలాలి? ఇందులో మేమెక్కడ? ఉంటే ఎలా ఉన్నాం? లేకపోతే ఎవరు తీసేశారు? మా ప్రశ్నలు ఇవే.

కార్డు ఎలా వచ్చిందో ముందు చూద్దాం. కాలణా పోస్టుకార్డు ఈ దేశంలో 1879 జులై 1న మొదలైంది. ఆ తర్వాత అచ్చు బొమ్మల కాలం. రవివర్మ తన లితో ప్రెస్సును 1894లో బొంబాయిలో పెట్టాడు. యంత్రాలు, పనివాళ్లు జర్మనీ నుంచి వచ్చారు. గుడిలోకి రానివ్వని కులాల ఇళ్లలోకి కూడా లక్ష్మీ సరస్వతులు పటాలై వచ్చారు. దేవుళ్లు నడిచివచ్చిన ఆ దారినే దేశం కూడా నడిచివచ్చింది. అదే ప్రెస్సు, అదే రంగు, అదే మేకు. దేవుడి పటం పక్కనే దేశం పటం. ఇక్కడే మా ఇబ్బంది మొదలైంది. దేశాన్ని దేవతగా గీయాలన్నది ఎవరో ఒకరోజు కూర్చుని మాకు వ్యతిరేకంగా చేసిన తీర్మానం కాదు. పటాల బజారులో అమ్ముడుపోయే రూపం అదే కాబట్టి అదే వచ్చింది. కుట్ర లేకపోయినా ఫలితం ఫలితమే.

అవనీంద్రనాథ్ ఠాగూర్ 1905లో గీసిన భరతమాతను చూడండి. బెంగాల్ విభజన నాటి బొమ్మ. కాషాయం కట్టిన సన్యాసిని, నాలుగు చేతులు. ఆ చేతుల్లో పుస్తకం, వరికంకులు, తెల్లని బట్ట, జపమాల. ఆయుధం లేదు, సింహం లేదు. చదువు, తిండి, బట్ట, భక్తి ఇస్తానంటోంది ఆ తల్లి. నాలుగు చేతులు మావి కాకపోయినా ఆ నాలుగు కోరికలు మావి కూడా. తర్వాత్తర్వాత వచ్చిన కార్డుల్లో వరికంకులు పోయి త్రిశూలం వచ్చింది. సింహం వచ్చింది. కిరీటం వచ్చింది. తల్లి వెనక దేశపటం వచ్చింది. ఆమె జుట్టు కాశ్మీరు, కొంగు బెంగాలు, పాదాలు కన్యాకుమారి. ఆకలి తీర్చే తల్లి పోయి శత్రువు కోసం వెతికే తల్లి వచ్చింది. శత్రువు ఎవరన్నది మొదట్లో తెల్లవాడు. తెల్లవాడు వెళ్లిపోయాక కూడా త్రిశూలం దించలేదు. అది ఇప్పుడు ఎవరి వైపు తిరిగి ఉందో వేరే చెప్పాలా?

ఈ చిక్కు ఆనాటి పెద్దలకు తెలియనిది కాదు. వందేమాతరంలో మొదటి రెండు చరణాలే పాడాలని కాంగ్రెస్ కార్యవర్గం 1937 అక్టోబర్‌లో నిర్ణయించింది. అంతకు ఏడాది ముందు, 1936లో, కాశీలో శివప్రసాద్ గుప్తా కట్టించిన భారతమాత మందిరాన్ని గాంధీ ప్రారంభించారు. ఆ గుడిలో విగ్రహం లేదు. పాలరాతితో చెక్కిన దేశపటం ఉంది. కొండలు, నదులు, మైదానాలు. దాని ముందు ఎవరైనా నిలబడొచ్చు. మొక్కేవాడు మొక్కుతాడు, చూసేవాడు చూస్తాడు. 1983లో హరిద్వార్‌లో మరో భారతమాత మందిరం వచ్చింది. అక్కడ విగ్రహం ఉంది. కాశీ నుంచి హరిద్వార్ దాకా నడిచిన ఈ నలభై ఏడేళ్లే మా కథ. నేల మీద ప్రేమ ఉందా అని అడిగితే ఉందని చెప్పగలం. విగ్రహానికి మొక్కుతావా అని అడిగి, మొక్కకపోతే నేల మీద ప్రేమ లేదని తీర్పు చెప్తే మేమేం జవాబివ్వాలి? రెండూ ఒకే ప్రశ్న అన్నట్టు మార్చేసింది కార్డు బొమ్మే.

అయితే ఒక మాట దాచకూడదు. ఈ పటాలు గీసిన చేతుల్లో మా చేతులూ ఉన్నాయి. మీరట్ చిత్రకారుడు హసన్ రజా రాజా హెచ్.ఆర్.రాజా పేరుతో భగత్‌సింగ్‌ను, చంద్రశేఖర్ ఆజాద్‌ను గీశాడు. ఆ పటాలు ఎన్ని ఇళ్ల గోడల మీద వేలాడాయో! పొడి అక్షరాల వెనక ఉన్న పేరు చదవనివాళ్లు ఆయన్ని ముస్లిం అనుకోరు. బొమ్మ గీసే పని మాకు దొరికింది. బొమ్మలో చోటు మాత్రం కొలిచి ఇచ్చారు.

ఆ కొలత ఏమిటో రెండో రకం కార్డులో కనిపిస్తుంది. హిందూ, ముస్లిం, సిక్కు, ఈసాయీ, నలుగురూ భుజాల మీద చేతులు వేసుకుని జెండా కింద నిలబడే కార్డు. బడి గోడల మీద చార్టులుగా కూడా ఇదే. మంచి ఉద్దేశంతోనే వేశారు, కాదనం. కానీ జాగ్రత్తగా చూడండి. హిందువు చాలాసార్లు రైతు. తలపాగా చుట్టి, నాగలో కొడవలో పట్టుకుని ఉంటాడు. ముస్లింకు రూమీ టోపీ, నల్ల షేర్వానీ, గడ్డం. చేతిలో ఏమీ ఉండదు. ఆయనకు పని ఉంది, మాకు మతం ఉంది. ఆ టోపీ మా పల్లెల్లో ఎవరు పెట్టారు? దూది ఏకే దూదేకుల సాయిబు పెట్టాడా? పీర్లకు ఫాతెహా ఇచ్చే ఫకీరు పెట్టాడా? బీడీలు చుట్టే తల్లి, కోళ్లు కోసే కసాబు, సైకిలు రిపేరు చేసే పిల్లవాడు, కౌలుకు చేసే రైతు, వీళ్లెవరూ ఆ కార్డులో లేరు. నవాబుల కొలువులో, అలీగఢ్ హాస్టల్లో కనిపించిన ఒక వేషాన్ని తెచ్చి మొత్తం కౌముకు తొడిగారు. 1921 నాటి స్వరాజ్య జెండా మధ్యలో రాట్నం ఉంది. దూది ఏకకుండా రాట్నం తిరగదు. ఏకే వాడి చేతిలో ఆ విల్లు పెట్టి గీసిన జెండా పండుగ కార్డు ఒక్కటీ మా కంటబడలేదు. ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. నలుగురు మతాల మనుషులూ మగవాళ్లే. ఆడది దేవతగా పైన ఉంటే చాలనుకున్నారు. మా ఆడవాళ్లకు పైనా చోటు లేదు, కిందా లేదు.

మూడో రకం నాయకుల కార్డు. గాంధీ, నెహ్రూ, పటేల్, బోస్, భగత్‌సింగ్. వరసలో ఒక మూలన మౌలానా ఆజాద్. కొన్నిటిలో సరిహద్దు గాంధీ. 1940 నుంచి 1946 దాకా కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్న మనిషిని లెక్క సరిచేసేందుకు పెట్టినట్టు పెడతారు. ఇంకా కావాలంటే అమరవీరులు. కాకోరీ కేసులో 1927 డిసెంబర్ 19న ఫైజాబాద్ జైల్లో ఉరికంబమెక్కిన అష్ఫాఖుల్లా ఖాన్. 1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ దగ్గర ట్యాంకులకు ఎదురునిలిచి చనిపోయి పరమవీరచక్ర పొందిన అబ్దుల్ హమీద్. గాజీపూర్ జిల్లా దర్జీ కుటుంబం బిడ్డ. అష్ఫాఖ్ బొమ్మతో 1997లో, హమీద్ బొమ్మతో 2000లో తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. వీళ్లు మా గర్వం. కానీ ఏ వరసలో చూసినా మాకు తోచే సందేహం ఒకటే. బతికున్న ముస్లిం దేశభక్తి అనుమానం, చచ్చిపోయిన ముస్లిం దేశభక్తి రుజువు. కూలి చేసుకుని, పిల్లల్ని చదివించుకుని, ఓటేసి, ఇంట్లో ముసలివాడై చనిపోయే సాయిబు దేశభక్తుడు కాడా? మిగతావాళ్లను అడగని రుజువు మమ్మల్నే ఎందుకు అడుగుతారు?

మేము చూసిన పాత పటాల్లో మాకు నచ్చినవి ఆజాద్ హింద్ ఫౌజ్ పటాలు. 1945 నవంబర్‌లో ఎర్రకోటలో ముగ్గురు అధికారుల మీద విచారణ మొదలైంది. షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్. దేశమంతా వాళ్ల బొమ్మలు. ఒక ముస్లిం, ఒక హిందువు, ఒక సిక్కు. ఇక్కడ మతం వేషం కాదు. ముగ్గురిదీ ఒకటే యూనిఫాం, ఒకటే నేరారోపణ, ఒకటే బోను. సమానత్వాన్ని ఇంతకంటే బాగా చూపిన బొమ్మ లేదు. 1946 ఫిబ్రవరిలో అదే ఫౌజుకు చెందిన కెప్టెన్ అబ్దుల్ రషీద్‌కు శిక్ష పడితే కలకత్తా వీధుల్లో హిందూ ముస్లిం విద్యార్థులు కలిసి తూటాలకు ఎదురు నడిచారు. ఆ ఏడాది ఆగస్టులోనే అదే కలకత్తా వీధుల్లో శవాల గుట్టలు. ఫిబ్రవరి మరుగున పడింది. ఆగస్టు మాత్రం అందరికీ గుర్తుంది.

బొమ్మను వదిలి కార్డు మీది మాటలు చదవండి. స్వతంత్ర భారతం మొదటి తపాలా బిళ్ల 1947 నవంబర్ 21న వచ్చింది. మూడున్నర అణాలు. జెండా బొమ్మ, పైన 'జైహింద్'. ఆ మాట ఇచ్చింది హైదరాబాదీ ఆబిద్ హసన్ అని చెబుతారు. జర్మనీలో చదువు ఆపేసి బోస్ వెంట నడిచినవాడు, 1943లో జలాంతర్గామిలో ఆయనతో సముద్రాలు దాటినవాడు. 'ఇంక్విలాబ్ జిందాబాద్' అన్న నినాదం మౌలానా హస్రత్ మొహానీది. 1921 అహ్మదాబాద్ కాంగ్రెస్‌లో సంపూర్ణ స్వాతంత్య్రం కావాలని తీర్మానం పెట్టింది ఆయనే. గాంధీ ఒప్పుకోలేదు. 'క్విట్ ఇండియా' మాట యూసుఫ్ మెహెరలీది. మాటలు కార్డు మీదకెక్కాయి. మనుషులు ఎక్కలేదు. పొద్దున లేచి జైహింద్ అనిపించి మా పిల్లల దేశభక్తిని పరీక్షించే వాళ్లకు ఆ మాట ఏ నోట పుట్టిందో తెలుసా?

రంగుల సంగతీ అంతే. పింగళి వెంకయ్య మన భట్లపెనుమర్రు మనిషి. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో ఆయన చూపిన జెండాలో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తు. మిగతావాళ్లందరికీ తెలుపు ఉండాలని గాంధీ అన్నారు. 1931లో కాంగ్రెస్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చ ఖాయం చేస్తూ ఈ రంగులకు మతార్థం లేదని స్పష్టంగా చెప్పింది. మంచిదే. రంగును మతం నుంచి విడిపించాలన్నది గొప్ప ఆలోచన. కానీ విడుదల సగమే జరిగింది. జెండాలో ఆకుపచ్చ అందరిది. అదే ఆకుపచ్చ మా దర్గా మీద ఎగిరితే పాకిస్తాన్ జెండా అంటారు. మొహర్రంలో పీరుకు కట్టిన ఆకుపచ్చ గుడ్డను చూసి పక్క ఊరి నుంచి వచ్చినవాడు గొడవకు దిగుతాడు. అదే పీరుకు మా ఊరి హిందువులు మొక్కులు కట్టిన సంగతి వాడికి అక్కర్లేదు.

ఇక భాష. రెండు భాషల్లో బతుకుతున్న మాకు ఇది కడుపుమంట. 1948 ఆగస్టు 15న, మొదటి స్వాతంత్య్ర దినోత్సవం నాడు, గాంధీ బొమ్మతో నాలుగు తపాలా బిళ్లలు విడుదలయ్యాయి. ఒకటిన్నర అణా నుంచి పది రూపాయల దాకా. స్విట్జర్లాండ్‌లో అచ్చయ్యాయి. వాటి మీద 'బాపూ' అన్న మాట నాగరిలోనూ ఉంది, ఉర్దూలోనూ ఉంది. హిందుస్తానీ రెండు లిపుల్లో ఉండాలని పట్టుబట్టి 1945లో హిందీ సాహిత్య సమ్మేళన్ నుంచే తప్పుకున్న మనిషికి అది తగిన నివాళి. ఆ బిళ్ల మీద ఉర్దూను చూస్తే కళ్లు చెమరుస్తాయి. ఆ చిన్న బిళ్ల మీద దొరికిన గౌరవం తర్వాత బడిలో దొరికిందా? ఆఫీసులో దొరికిందా? ఉర్దూ మీడియం బడికి టీచరు రాడు. వచ్చినా పుస్తకం రాదు.

ఇలా అన్నప్పుడు మాకు అటువైపు కూడా చూసే నిజాయితీ ఉండాలి. నిజాం తపాలా బిళ్లల మీద ఉర్దూ, ఇంగ్లీషులతోపాటు తెలుగు, మరాఠీ అక్షరాలుండేవి. 1931 నాటి బిళ్లల మీద చార్మినార్ ఉంది, హైకోర్టు ఉంది, ఉస్మాన్‌సాగర్ ఉంది, అజంతా గుహల ముఖద్వారం కూడా ఉంది. చూస్తే అన్ని మతాల రాజ్యమే అనిపిస్తుంది. కానీ అదే హైదరాబాదులో 1921లో ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును హేళన చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. బిళ్ల మీద అక్షరం ఉన్నంత మాత్రాన ఆ భాష మాట్లాడేవాడికి కుర్చీ ఉన్నట్టు కాదు. ఆనాడు తెలుగువాడికి జరిగింది, ఆ తర్వాత ఉర్దూవాడికి జరిగింది. రెండూ తెలిసిన మేము ఒకదాని కోసం ఏడ్చి మరోదాన్ని దాచలేం.

మా ఈద్ కార్డులనూ ఈ వరసలో పెట్టి చూడాలి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో లాహోర్, ఢిల్లీ, బొంబాయి ప్రెస్సుల నుంచి ఈద్ కార్డులు వచ్చేవి. కొన్ని యూరప్‌లో అచ్చయిన బొమ్మలే, పైన ఉర్దూలో ఈద్ ముబారక్ ముద్ర వేసి అమ్మేవాళ్లు. రైలు, విమానం, గులాబీలు, దొర పిల్లలు, కింద ఒక షేర్. మక్కా మదీనాలతోపాటు మోటారు కారు కూడా ఉండేది. తమ కార్డు తామే వేసుకున్నప్పుడు ముస్లింలు తమను టోపీకి గడ్డానికి కుదించుకోలేదు. కొత్త లోకం మీద ఆశతో, కులాసాగా కనిపించారు. ఎదుటివాడు గీసిన బొమ్మకూ మేము గీసుకున్న బొమ్మకూ ఉన్న తేడా ఇది. దేశవిభజనతో లాహోర్ కార్డు పరాయి కార్డయింది.

హైదరాబాదు రాజ్యంలో పంద్రాగస్టు కార్డుకు అర్థమే వేరు. 1947 ఆగస్టు 15న ఇక్కడ ఆ జెండా ఎగరేయడం నేరం. ఎగరేసినవాళ్లు జైలుకు పోయారు. రజాకార్ల దౌర్జన్యాలు నిజం, దేశ్‌ముఖుల వెట్టి నిజం, నిజాం ఆ రెండింటి మీదా కూర్చున్నది నిజం. ఇందులో దేన్నీ మేము కాదనం. ఇప్పుడు సెప్టెంబర్ 17 కూడా పండుగే. 2022 నుంచి కేంద్రం దాన్ని విమోచన దినమంటోంది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినమంది. 2024లో ప్రజాపాలన దినోత్సవమైంది. పండుగ వస్తే కార్డు రాకుండా ఉంటుందా? పోస్టులో కాకపోతే ఫోనులో వస్తుంది. పటేల్ ముందు నిజాం చేతులు జోడించి నిలబడ్డ ఫోటో. కింద 1948 సెప్టెంబర్ 17, లొంగుబాటు అని రాసి ఉంటుంది. ఆ ఫోటో 1949లో బేగంపేట విమానాశ్రయంలో పటేల్‌కు నిజాం స్వాగతం చెప్పినప్పటిది. 17న నిజాం రేడియోలో ప్రకటన చేశాడు. 18న లొంగిపోయింది సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి ముందు. ఇంకో సంగతి కూడా ఆ కార్డు చెప్పదు. 1950 జనవరి 26న, మొదటి రిపబ్లిక్ డే నాడు, హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ ఆ నిజామే. 1956 దాకా ఆయనే. దిల్లీ నిజామును గద్దె మీద మరో పేరుతో కూర్చోబెట్టింది. శిక్ష పడింది ఎవరికి? పండిట్ సుందర్‌లాల్ కమిటీని నెహ్రూ ప్రభుత్వమే పంపింది. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని ఆ కమిటీ అంచనా. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. నవాబుల మహళ్లు నిలిచాయి. పల్లెల్లో బావులు నిండాయి. చేతులు జోడించిన రాజు ఫోటో చూపించి, ఆ చేతులు మా చేతులని చెప్పడం ఏ చరిత్ర?

మా చేతులు వేరే ఉన్నాయి. 1857 జులైలో కోఠీ రెసిడెన్సీ మీద దాడికి నడిపించిన తుర్రెబాజ్ ఖాన్ ఉన్నాడు. విస్నూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం పోరాడి చంపబడిన షేక్ బందగీ ఉన్నాడు. హైదరాబాదు భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టు 22న రజాకార్ల చేతుల్లో హతుడైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఉన్నాడు. ఉర్దూలో రాసే పత్రికావాడు ఆయన. ఉర్దూ అంటే రజాకారు అనేవాళ్లకు ఆ ఒక్క పేరు చాలు. మఖ్దూం ఉన్నాడు. ఏ జెండా పండుగ కార్డు వీళ్లను మోసింది?

సుందర్‌లాల్ కమిటీ నివేదికలో చావుల లెక్కతోపాటు ఇంకో మాట ఉంది. కొన్నిచోట్ల హిందూ సాలెవాళ్లు ముస్లిం సాలెవాళ్లను కాపాడారని, అందుకోసం తమ ప్రాణాలు సైతం ఇచ్చారని రాశారు. పక్కపక్క మగ్గాల మీద కూర్చున్నవాళ్లు. దారం ఒకటే, అప్పు ఒకటే, ఆకలి ఒకటే. కార్డు బొమ్మగా వేయాల్సింది దీన్ని. భుజాల మీద చేతులు వేసుకుని నవ్వుతున్న నలుగురు మగవాళ్ల కంటే, తలుపు వెనక పొరుగింటివాణ్ని దాచి గుమ్మంలో నిలబడ్డ ఒక సాలె మనిషిలో ఎక్కువ దేశం ఉంది. అతనికి త్రిశూలం లేదు, మాకు రూమీ టోపీ లేదు. ఇద్దరి చేతుల్లో పని ఉంది. మూడు రంగుల జెండాకు బట్ట నేసేది అలాంటి చేతులే. మమ్మల్ని కార్డులో పెట్టి దయచూపమని మేము అడగడం లేదు. మా పేర్లతో, మా పనితో, మా ఆడవాళ్లతో, మా తప్పులతో సహా నిజం గీయమంటున్నాం. గీసేవాళ్లు లేకపోతే మేమే గీస్తాం. హసన్ రజా రాజా పొడి అక్షరాల్లో సంతకం పెట్టాడు. మేము పూర్తి పేరు రాస్తాం. ఉర్దూలోనూ, తెలుగులోనూ.